మిద్దె మీద చెవులపిల్లి తీగ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మిద్దె మీద పిట్టగోడ వారన వెడల్పాటి తొట్టి ఒకటుంది. అందులోంచి ఊదారంగు గరాటుల్లాంటి పూలు పూసే తీగ కిందికి దిగి, గచ్చు మీద పాకుతూ నీళ్ల ట్యాంకు మెట్ల దాకా వెళ్లింది. ట్యాంకు కడగడానికి వచ్చిన కుర్రాడి నుంచి అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి దాకా అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కొమ్మ పట్టుకెళ్లి, చంపుకుని, మళ్లీ వచ్చి అడిగేవాళ్లవి ఇంకొన్ని. నోటితో చెప్పీ చెప్పీ అలసిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇంతకీ ఇది ఏ మొక్క?

సముద్రం ఒడ్డున ఇసుక మీద దానంతటది పాకే తీగ. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, బాపట్ల దాటాక సూర్యలంకలో, మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో అలలు తగలని ఎత్తులో పచ్చగా దుప్పటి పరిచినట్టు ఉంటుంది. మనం చెప్పులు విప్పి దాని మీదుగానే నడిచి వెళ్తాం, కళ్లు మాత్రం సముద్రం మీద ఉంటాయి. తెలుగులో చెవులపిల్లి తీగ అంటారు, బాలబంద తీగ అన్న పేరూ ఉంది. శాస్త్రీయ నామం ఇపోమియా పెస్-కాప్రే. ఒక్క ఏడాదితో పోయే మొక్క కాదు, ఏళ్ల తరబడి బతుకుతుంది.

కుటుంబం సంగతి చెబితే మీకు వెంటనే చుట్టరికం తెలుస్తుంది. మన చిలగడదుంప, తూటికూర, కాశీరత్నం అన్నీ ఈ ఇపోమియాలే. చిలగడదుంపను హైదరాబాద్‌లో కందగడ్డ అంటారు, రత్నపురి గడ్డ అని కూడా అంటారు. మా అత్తగారిది బాపట్ల వైపు. పెళ్లయిన కొత్తలో ఆవిడ "కంద తీసుకురా" అంటే నేను కందగడ్డలు తెచ్చాను. ఆ పూట కూర సంగతి వదిలేయండి.

చెవులపిల్లి అంటే ఏ పిల్లి?

పిల్లి కాదు, కుందేలు. చెవులు పెద్దగా ఉంటాయి కాబట్టి కుందేలుకు చెవులపిల్లి అన్న పేరు. ఈ తీగ ఆకు కొన దగ్గర నిట్టనిలువునా చీలి రెండు చెవుల్లా విచ్చుకుంటుంది. మనవాళ్లకు అందులో కుందేలు చెవులు కనిపించాయి. 1753లో దీనికి శాస్త్రీయ నామం పెట్టిన స్వీడన్ వృక్ష శాస్త్రవేత్త లిన్నేయస్‌కు మేక గిట్ట కనిపించింది, పెస్-కాప్రే అంటే లాటిన్‌లో మేక పాదం అనే అర్థం. ఆకును తలకిందులుగా పట్టుకుంటే గిట్ట, నిటారుగా పట్టుకుంటే చెవులు. నా ఓటు చెవులకే.

ఇది లొట్టపీసు కదా? ఇంట్లో ఎందుకు పెంచుతున్నారు?

ఇది అడిగినవాళ్లను తప్పు పట్టను. పువ్వు చూస్తే అలాగే అనిపిస్తుంది. చెరువు గట్ల మీద, మురుగు కాలువల పక్కన నిలువెత్తు పెరిగే లొట్టపీసు కూడా ఇపోమియానే, పేరు ఇపోమియా కార్నియా. అది నిటారుగా పొదలా లేస్తుంది, ఆకు హృదయాకారంలో కొనదేలి ఉంటుంది, పువ్వు లేత గులాబీ రంగు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చి మన చెరువులను ఆక్రమించింది. మేకలు దానికి అలవాటు పడి మేస్తే కాళ్లు తడబడి, చిక్కి, చనిపోతాయని కాపరులందరికీ తెలుసు.

చెవులపిల్లి తీగ నేల మీద పాకుతుంది, ఆకు మందంగా, తోలులా, కొన చీలి ఉంటుంది. ప్రహరీ గోడల మీద అల్లుకునే ఇంకో ఊదారంగు పూల తీగ ఉంది, దాని ఆకు చెయ్యి చాపినట్టు ఐదు వేళ్లుగా ఉంటుంది. అది రైల్వే తీగ. చాలామంది "మా ఇంటి దగ్గర కూడా ఉందండీ" అని చూపించేది దాన్నే. ఆకు చూడండి, సందేహం తీరిపోతుంది.

సముద్రం లేని హైదరాబాద్‌లో ఎలా బతుకుతుంది? ఉప్పు నీళ్లు పోయాలా?

వద్దు. దయచేసి ఎవరూ తొట్టిలో ఉప్పు వేయకండి. మా కాలనీలో ఒకరు చెంబు నీళ్లలో గుప్పెడు కళ్లుప్పు కలిపి పోసి, వారానికి ఆకులన్నీ రాలాక నా దగ్గరికి వచ్చారు.

ఈ తీగకు ఉప్పు ఇష్టం కాదు, ఉప్పును ఓర్చుకుంటుంది, అంతే. ఒడ్డున దాన్ని నిలబెట్టేది ఆ ఓర్పే. మిగతా మొక్కలు తట్టుకోలేని ఉప్పు గాలి, కాలే ఇసుక, సారంలేని నేల, నిలువ నీడలేని ఎండ ఇది భరిస్తుంది కాబట్టి అక్కడ పోటీ లేకుండా రాజ్యం ఏలుతుంది. ఆ నాలుగింట్లో హైదరాబాద్ మిద్దె మీద మూడు ఉచితంగా దొరుకుతాయి. మే నెలాఖరున రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు నా గులాబీలు తలలు వేలాడేస్తే ఈ తీగ మాత్రం కొత్త చిగురు తీస్తుంది.

ఉప్పు ఓర్పు వల్ల మనకు ఒక లాభం ఉంది. నగరంలో చాలా బోర్ల నీళ్లు బాగా గట్టి నీళ్లు, కుండీల అంచున తెల్లటి పొర కట్టేవి. మల్లె, మందారం ఆ నీళ్లకు పాలిపోతాయి. దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇక ఎత్తు. సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు మనది. దాంతో పేచీ లేదు. పేచీ వచ్చేది డిసెంబరు, జనవరి చలితో. దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతాను.

కొమ్మ ఎక్కడ దొరుకుతుంది? బీచ్ నుంచి తెచ్చుకోవచ్చా?

నర్సరీల్లో నాకు కనిపించలేదు. అమ్ముడుపోయే సరుకు కాదు. పెంచే వాళ్ల దగ్గర అడిగి తీసుకోవడమే సులువు.

ఒడ్డు నుంచి తెచ్చుకుంటే కొన్ని మర్యాదలు పాటించండి. ఈ తీగ ఒడ్డున ఊరికే పడి లేదు, పని చేస్తోంది. గాలి ఇసుకను ఎగరేసుకొస్తుంది. ఆకులు, కాడలు తగిలి గాలి నెమ్మదిస్తే ఇసుక అక్కడే రాలుతుంది. తీగ సగం పూడిపోతుంది. పూడిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దిగుతాయి, కొన పైకి లేచి మళ్లీ పాకుతుంది. ఇలా ఏళ్లు గడిస్తే చిన్న గుట్ట, గుట్ట పక్కన ఇంకో గుట్ట. రావణాసురుని మీసాలు అనే ముళ్ల బంతుల గడ్డి కూడా ఈ పనిలో దీనికి తోడు. తుఫాను అల వచ్చినప్పుడు మొదట దెబ్బ తినేది ఆ ఇసుక గుట్టలే, ఊరు కాదు. ఇలాంటి తీరపు మొక్కల వరసకు వృక్ష శాస్త్రవేత్తలు ఈ తీగ పేరే పెట్టి పెస్-కాప్రే సముదాయం అంటారు.

కాబట్టి సముద్రం వైపు అంచున ఉన్న తీగను ముట్టుకోవద్దు. వెనక వైపు, రోడ్డు మీదికి పాకి బండ్ల కింద నలుగుతున్న కొన ఉంటుంది, అందులోంచి రెండు జానల ముక్కలు మూడో నాలుగో చాలు. వేళ్లతో పెరకవద్దు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, అంటే జనవరి నుంచి మార్చి దాకా, అటవీ శాఖ కంచె వేసిన చోటికి అసలు వెళ్లకండి. "దాని మట్టి దానికి అలవాటు కదా" అని ఇసుక కూడా సంచిలో పోసుకొస్తుంటారు. తీరం నుంచి ఇసుక తవ్వి తీసుకెళ్లడం నిషేధం, పైగా తీగకు ఆ ఇసుకతో పని లేదు.

తెచ్చేటప్పుడు తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో బిగించారంటే రాత్రి బస్సు దిగేసరికి కుళ్లు వాసన వస్తుంది. ఆకులు చాలావరకు తుంచేసి పొడి కాగితంలో వదులుగా చుట్టండి. రెండు రోజులు ఆగినా ఏమీ కాదు.

కొమ్మ ఎలా నాటాలి?

మృగశిర కార్తె, అంటే జూన్ రెండో వారం, మంచి అదను. ఫిబ్రవరి చివర కూడా నాటొచ్చు. చలిలో మాత్రం వద్దు.

తుంచగానే పాలు కారతాయి. అవి ఆరేదాకా నీడలో ఒక పూట ఉంచండి. మూడు నాలుగు కణుపులున్న ముక్కను నిలువుగా గుచ్చడం అందరికీ అలవాటు. దీన్ని అలా గుచ్చవద్దు, పడుకోబెట్టండి. తడి ఇసుక మీద అడ్డంగా పెట్టి, మధ్య కణుపుల మీద రెండు వేళ్ల మందం ఇసుక కప్పి, కొన మాత్రం బయటికి వదలండి. ఒడ్డున అది బతికే తీరు అదే, పడుకుని పూడిపోవడం. సాధారణంగా రెండు మూడు వారాల్లో వేళ్లు దిగి, కొన తాజాగా కనిపిస్తుంది. ఆ మూడు వారాలు మాత్రం ఇసుక ఎండిపోనివ్వకండి, ఒంటి పూట ఎండ చాలు.

గింజలతో పెంచొచ్చా?

పెంచొచ్చు, ఓపిక ఉంటే. కాయలో నాలుగు గింజలుంటాయి, గోధుమ రంగు నూగుతో ముఖమల్ ముక్కల్లా ఉంటాయి. గింజ పెంకు రాయిలాంటిది, నీరు లోపలికి పోదు. అందుకే అది సముద్రంలో నెలల తరబడి తేలుతూ పోయి ఏ దేశపు ఒడ్డునో మొలుస్తుంది. ప్రపంచంలో ఉష్ణ మండలపు తీరాలన్నిటా ఈ తీగ కనిపించడానికి కారణం అదే. 1883లో ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలి ఆ దీవి బూడిద దిబ్బగా మిగిలాక, మళ్లీ ఆ ఒడ్డుకు చేరిన తొలి మొక్కల్లో ఇదొకటి.

మీరు చేయాల్సిందల్లా ఆ పెంకుకు చిన్న గాయం. వడ్రంగులు వాడే గరుకు కాగితం, ఉప్పు కాగితం అంటారే, దానిమీద గింజను ఒక పక్క తెల్లటి లోపలి భాగం కనబడేదాకా రుద్ది, రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. ఉబ్బినవి నాటండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. ఉప్పు కాగితం అన్నాను కదా అని మళ్లీ ఉప్పు నీళ్లలో నానబెట్టకండి.

ఇంకో మాట. ఒకే మొక్క పువ్వు పుప్పొడితో అదే మొక్క కాయ కట్టడం ఈ జాతిలో కష్టం. నా కొమ్మ నుంచి మీరు, మీ కొమ్మ నుంచి మీ చెల్లెలు పెంచినంత కాలం అందరిదీ ఒకే మొక్క కింద లెక్క. పూలు వస్తాయి, కాయలు రావు.

ఎలాంటి తొట్టి, ఎలాంటి మట్టి?

లోతు కంటే వెడల్పు ముఖ్యం, కానీ ఒకటిన్నర అడుగుల లోతు తగ్గకూడదు. కింద నాలుగైదు బెజ్జాలు తప్పనిసరి.

మట్టి దగ్గరే అందరూ పొరపాటు పడతారు. మిద్దె తోటల వాళ్లకు ఒక సూత్రం కంఠతా వచ్చు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్లలో. అది టమాటాకు అమృతం, ఈ తీగకు విషం అనను కానీ అజీర్ణం. నా మిశ్రమం ఇది: మూడు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, పైన గుప్పెడు మాగిన పశువుల ఎరువు. కోకోపీట్ అసలు వద్దు, తడిని పట్టుకుని వేళ్లను కుళ్లబెడుతుంది.

నది ఇసుక దొరికితే సరే. దొరక్కపోతే రాళ్లు పిండి చేసి తయారుచేసే రోబో ఇసుక పనికొస్తుంది, కానీ అందులో రాతి పొడి ఎక్కువ. బకెట్లో వేసి రెండు మూడు సార్లు కడిగి, పాలలాంటి నీళ్లు పారబోసి వాడండి. కడగకుండా వేస్తే వాన పడ్డాక సిమెంటులా గట్టిపడుతుంది. నాకు మొదటి తొట్టి అలాగే పోయింది.

బరువు లెక్క మరవకండి. 20 లీటర్ల బకెట్టు నిండా పొడి ఇసుక 30 కిలోల పైనే ఉంటుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. పెద్ద తొట్టిని స్లాబు మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న చోట, గోడ వారన పెట్టండి.

బాల్కనీలో వస్తుందా?

రాదు. తీగ బతుకుతుంది, పువ్వు రాదు. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ కావాలి. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పన్నెండో అంతస్తు వాళ్లు "ఉదయం రెండు గంటలు బాగా వస్తుందండీ" అంటుంటారు. ఆ రెండు గంటలకు బిళ్ళగన్నేరు పెట్టుకోండి. అది కూడా తీరపు ఇసుకలో బాగా బతికే మొక్కే, పుట్టిల్లు మడగాస్కర్. ఎండ ఎక్కువైతే ఇంకా బాగా పూస్తుంది కానీ తక్కువైనా మరీ అలగదు.

నీళ్లు ఎప్పుడెప్పుడు?

వేలు రెండు కణుపుల లోతు గుచ్చండి. పొడిగా ఉంటే నిండుగా పోయండి, చెమ్మ తగిలితే వదిలేయండి. తొట్టిలో ఎండాకాలం రెండు రోజులకోసారి, మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు సరిపోతుంది. వానాకాలం, చలికాలం లెక్క వేరు, కింద చెబుతాను. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని అన్ని కుండీలకూ ఒకే లెక్కన కొట్టే అలవాటు ఉంటే ఈ తొట్టిని పైపు అందని చోట పెట్టండి.

ఏడాదైంది. ఆకులు బోలెడు, పువ్వు ఒక్కటీ లేదు. ఎందుకు?

నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. జవాబు వినగానే అందరి మొహం చిన్నబోతుంది, ఎందుకంటే తప్పు ప్రేమది.

మొదట అడుగుతాను, ఏమేం వేశారు అని. జాబితా మొదలవుతుంది. నెలకోసారి వర్మీ కంపోస్టు, పదిహేను రోజులకోసారి జీవామృతం, బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్కల నీళ్లు, ఎవరో చెప్పారని ఆవపిండి చెక్క పులియబెట్టిన నీళ్లు. ఇంత విందు పెడితే ఏ తీగైనా కొమ్మలు సాగదీసుకుంటూ కూర్చుంటుంది, పూసే తొందర దానికేం ఉంటుంది? నత్రజని ఎక్కువైతే ఆకు, కాడ పెరుగుతాయి, మొగ్గ వెనక్కి పోతుంది. కందగడ్డకు ఎరువు ఎక్కువైతే తీగ పెరిగి గడ్డ ఊరదని జహీరాబాద్ వైపు రైతును అడిగినా చెబుతాడు. ఇక్కడ గడ్డ బదులు పువ్వు, అంతే తేడా.

అందుకని ఎరువులన్నీ ఆపేయండి. తొట్టిని మంచి ఎండలోకి మార్చండి. నీళ్లు సగానికి తగ్గించండి. ఆకులు కొంచెం వడలినట్టు కనబడినా కంగారు పడొద్దు, సాయంత్రానికి సర్దుకుంటాయి. పాత మట్టి మరీ సారంగా ఉంటే పైన రెండంగుళాలు గీకేసి కడిగిన ఇసుక పోయండి. ఇలా రెండు మూడు నెలలు చేస్తే ఆకు సందుల దగ్గర మొగ్గలు రావాలి.

నేను ఏటా ఉగాది తర్వాత చేసే పని ఒకటే, తొట్టిలో రెండు మూడు అంగుళాల కొత్త ఇసుక పోసి కాడల్ని అక్కడక్కడా పూడ్చడం. గాలి చేసే పని నేను చేస్తున్నానన్నమాట. కప్పిన కణుపుల దగ్గర కొత్త వేళ్లు దిగి తీగ మళ్లీ పడుచుదవుతుంది.

ఎండ కూడా ఉంది, ఎరువూ వేయలేదు, అయినా పూయలేదంటే వయసు చాలలేదని. కొమ్మ నాటిన మొదటి ఏడాది నాకు ఒక్క పువ్వు రాలేదు. రెండో ఎండాకాలంలో మొదలైంది.

పువ్వు మధ్యాహ్నానికే ముడుచుకుపోతోంది. తెగులా?

కాదు, దాని ఆయుష్షు అంతే. తెల్లవారుజామున విచ్చుకుని, మధ్యాహ్నానికి వాడుతుంది. మబ్బు పట్టిన రోజు ఇంకాస్త ఉంటుంది. మర్నాడు పక్కనే ఇంకోటి. చూడాలంటే కాఫీ గ్లాసు పట్టుకుని ఏడింటికి మిద్దెక్కాలి. నల్లటి పెద్ద తుమ్మెదలు కూడా అప్పుడే వస్తాయి, ఒక్కోటి గరాటులోకి పూర్తిగా దూరి వెనక్కి వెనక్కి బయటికొస్తుంది.

పూజకు వాడొచ్చా?

కోసిన పావుగంటకు ముడుచుకుపోతుంది. మా అత్తగారు ఒకసారి ప్రయత్నించి, "దేవుడే మిద్దె మీదికి వచ్చి చూసుకుంటాడులే" అన్నారు.

పందిరి వేయాలా?

అక్కర్లేదు. ఇది పాకే తీగ, చుట్టుకునే గుణం బాగా తక్కువ. పందిరి మీదికి ఎక్కించి కట్టినా కొన మళ్లీ కిందికే దిగుతుంది. పిట్టగోడ మీదుగా బయటికి వేలాడదీస్తే అందంగా ఉంటుంది. గచ్చు మీద పాకనిస్తే వేసవిలో స్లాబు కొంత చల్లబడుతుంది, కానీ కింద చెత్త చేరకుండా నెలకోసారి తీగను ఎత్తి ఊడవండి. మిద్దె నీళ్లు బయటికి పోయే గొట్టం దగ్గరికి మాత్రం పోనివ్వకండి.

వానాకాలం ఏం చేయాలి?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు పోయడం మానేయండి. మన ఊళ్లో ఏడాది వానలో ఎక్కువ భాగం ఆ నాలుగు నెలల్లోనే పడుతుంది. తొట్టి కింద పళ్లెం ఉంటే తీసేయండి, వేళ్లు కుళ్లవు, డెంగీ దోమలూ చేరవు. ఈ కాలంలో ఆకు అడుగున తెల్లటి పొక్కుల్లాంటి మచ్చలు రావచ్చు, తెల్ల తుప్పు తెగులు అది. ఆ ఆకులు తుంచి చెత్తలో పడేయండి, కంపోస్టులో వద్దు. గాలి ఆడేలా తీగను పలచన చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సంక్రాంతికి ఆకులు పసుపు పచ్చగా మారి రాలిపోతున్నాయి. చచ్చిపోతుందా?

ఇది చలి. సముద్రం ఒడ్డున చలికాలం రాత్రులు మనకంత చల్లగా ఉండవు. హైదరాబాద్‌లో కొన్ని రాత్రులు పది పన్నెండు డిగ్రీలకు పడిపోతుంది, శివార్లలో ఇంకా తక్కువ. తీగ ఎదుగుదల ఆపేసి ముసలి ఆకులు వదులుతుంది. ఈ పసుపు చూసి అందరూ చేసే తప్పు నీళ్లు, ఎరువు పెంచడం. వేళ్లు నిద్రలో ఉన్నప్పుడు తడి ఎక్కువైతేనే అది నిజంగా చస్తుంది. పది రోజులకోసారి కొంచెం నీళ్లు, అంతే. గోరుతో కాడ గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. శివరాత్రి దాటాక చిగురిస్తుంది.

నేల మీద వదలొచ్చా? మాకు సొంత స్థలం ఉంది.

మేడ్చల్ వైపో శంకర్‌పల్లి వైపో ఖాళీ జాగా ఉన్నవాళ్లు అడుగుతారు. మొరం నేల, ఎర్ర గరప అయితే బాగా వస్తుంది. నల్లరేగడి అయితే వద్దు, వానకు నీళ్లు నిలుస్తాయి.

అయితే ఒక హెచ్చరిక. ఒడ్డున ఒక్కో తీగ 30 మీటర్ల దాకా పాకుతుందని చెబుతారు. మీ దగ్గర అంత పోకపోయినా పక్క ప్లాటు దాకా పోవడం ఖాయం, పోయిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దించుతుంది. చుట్టూ సిమెంటు బాట ఉన్న మడిలో వేయండి, నెలకోసారి అంచులు కత్తిరించండి. కత్తిరించిన ముక్కల్ని చెరువు గట్టునో, నాలాలోనో, ఖాళీ స్థలంలోనో పడేయకండి. ఎండలో గచ్చు మీద కరకరలాడేదాకా ఎండబెట్టి అప్పుడు పడేయండి. లొట్టపీసు మన చెరువుల్ని ఏం చేసిందో చూశాక కూడా అజాగ్రత్త ఎందుకు?

ఏటవాలు మట్టి కట్ట కోసుకుపోతోందని ఒకాయన ఈ తీగ నాటుకున్నారు, రెండేళ్లలో కట్ట నిలిచింది. దానికి చేతనైన పని అది.

చీమలు బారులు తీరుతున్నాయి. మందు కొట్టాలా?

వద్దు. ఆకు, కాడ కలిసే చోట వేలితో తడిమితే రెండు చిన్న బుడిపెలు తగులుతాయి. వాటిలోంచి తీపి ద్రవం ఊరుతుంది. దానికోసం వచ్చిన చీమలు ఆకు కొరికే పురుగుల్ని తరుముతాయి. జీతం ఇచ్చి పెట్టుకున్న కాపలా అనుకోండి. కొనల దగ్గర తెల్లటి దూదిలా పిండినల్లి కనబడితే మాత్రం లెక్క మారుతుంది, చీమలు దాన్ని కూడా కాపాడతాయి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

ఇంకా ఏ పురుగులు వస్తాయి?

ఆకుల్లో గుండ్రటి బెజ్జాలు కనబడితే తిప్పి చూడండి, బంగారపు చుక్కలా మెరిసే చిన్న పెంకు పురుగు ఉంటుంది. నాకైతే దాన్ని చంపబుద్ధి కాదు, పది ఆకులకు బెజ్జాలు పడితే మొక్కకేం కాదు. బొటనవేలంత లావు గొంగళి పురుగు, వెనక కొమ్ములా ముల్లు ఉన్నది, అప్పుడప్పుడు వస్తుంది. ఒక్కటి చాలు, రాత్రికి రాత్రి కొమ్మ బోడి చేస్తుంది. చేత్తో తీసి లొట్టపీసు మీద వదలండి.

అసలు జాగ్రత్త పడాల్సింది కందగడ్డ పెంచేవాళ్లు. గడ్డలో తొలుచుకుపోయి చేదు చేసే ముక్కు పురుగు ఈ తీగ మీద కూడా బతుకుతుంది. రెండూ ఒకే మిద్దె మీద వద్దు. నేను కందగడ్డ మానుకున్నాను, మార్కెట్లో దొరుకుతుంది కదా.

తినొచ్చా? తూటికూర చుట్టమే అన్నారుగా?

తినవద్దు. చుట్టరికం వేరు, వంటిల్లు వేరు. కాడలోని పాలు, గింజలు కడుపును కల్లోలం చేస్తాయి. గింజలు నూగుతో ముద్దుగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలకు అందనివ్వకండి. కుక్కపిల్లలు, కుందేళ్లు ఉన్న ఇంట్లో అందని ఎత్తులో పెట్టండి. కుందేలు చెవుల తీగ కుందేలుకే పనికిరాదు.

జెల్లీఫిష్ కుడితే దీని ఆకు రాస్తారట, నిజమేనా?

చాలా దేశాల తీరాల్లో జాలర్లు ఆకు నూరి రాసే వాడుక ఉంది, థాయ్‌లాండ్‌లో దీని సారం మీద పరిశోధనలు కూడా జరిగాయి. కీళ్ల నొప్పులకు కాపడం పెట్టే అలవాటు మన తీరంలోనూ ఉంది. నేను మాత్రం ఎవరికీ ఆకు కోసి ఇవ్వను. మిద్దె మీద వేపనూనె కొట్టిన ఆకు, అడిగిన వాళ్ల చర్మం ఎలాంటిదో నాకు తెలియదు, ఆ పని డాక్టరుది.

మీ దగ్గర కొమ్మ దొరుకుతుందా?

దొరుకుతుంది. మృగశిర దాటి రెండు వానలు పడ్డాక ఒక ఆదివారం కత్తిరిస్తాను. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో రాసి పెడతాను. వచ్చేటప్పుడు పాత న్యూస్‌పేపర్ తెచ్చుకోండి, ప్లాస్టిక్ సంచి తెస్తే వెనక్కి పంపేస్తాను. ఇంకో సంగతి, తొట్టిలో ఇసుక సిద్ధం చేసుకుని రండి. పోయినసారి ఒకావిడ కొమ్మ తీసుకెళ్లి ఇసుక కోసం పదిహేను రోజులు తిరిగారట, అది పేపర్లోనే చిగురేసింది.